పాలమూరు, నల్లగొండల్లో వీగన్‌గా బతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్‌లో ఏ కాలేజీ గేటు ముందైనా జంతువుల గురించి మాట్లాడటానికి నిలబడితే జనం అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఫోన్ చేసి అడిగేవీ అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాం. మొదటి నుంచి చదవాల్సిన పని లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మేం మాట్లాడేది జీవాల బాధ గురించి. ఎవరి తిండి శుభ్రమైనది, ఎవరిది కాదు అని లెక్కలు కట్టేవాళ్లతో మాకు ఏ పొత్తూ లేదు.

## మొదలుపెట్టే ముందు

మేం మాంసం ముట్టం. మరి మేం వీగన్లమే కదా?

కాదు. వీగన్లు పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె కూడా తీసుకోరు. పట్టు, తోలు, ఉన్ని కొనరు. జంతువును వాడుకునే ప్రతి పనికీ వీలైనంత దూరంగా ఉండాలని చూస్తారు. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు సంఘం పెట్టుకున్నప్పుడు ఈ పేరు పుట్టింది. కొట్లో సరుకు కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్కను చూసి మోసపోకండి, పాలపొడి కలిసిన బిస్కెట్ మీద కూడా అదే చుక్క ఉంటుంది. వీగన్ సరుకుకు 2022లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వేరే గుర్తు పెట్టింది: ఆకుపచ్చ గడిలో ఇంగ్లీషు వి అక్షరం, దానికి చిన్న మొలక. అది లేని ప్యాకెట్ల మీద పదార్థాల పట్టీ చదవడం అలవాటు చేసుకోవాలి.

పాలు పిండితే బర్రె చావదు కదా. అందులో హింస ఎక్కడుంది?

పాలు రావాలంటే బర్రె ఈనాలి. ఆ పాలు ఆగకుండా ఉండాలంటే మళ్లీ మళ్లీ సూది వేయించి చూలు కట్టించాలి. పది నెలలు మోసి కంటుంది. పుట్టింది ఆడదూడ అయితే దానికి ఒక విలువ ఉంటుంది. దున్నదూడ అయితే? ఒకప్పుడు దున్నలు నాగలికో బండికో పనికొచ్చేవి. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పోయింది. అది తాగే ప్రతి గుక్కా నష్టం కిందే లెక్క. కాబట్టి అరకడుపుతో ఎండబెడతారు, లేదంటే నెలల వయసులోనే అమ్మేస్తారు. తల్లి సంగతి కూడా అంతే. వట్టిపోయిన బర్రెను పెబ్బేరు సంతకో దేవరకద్ర సంతకో తోలుకెళ్తే, పాడి కోసం కొనేవాళ్లు దొరకనప్పుడు అది కబేళాకే చేరుతుంది. ప్రపంచంలో బర్రె మాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో మనది ఒకటి. ఆ మాంసం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. పాడి లేకుంటే అన్ని బర్రెలు పుట్టేవే కావు.

మీ ఇంటి బర్రెను మీరు ప్రేమగా చూసుకుంటుండొచ్చు. దాని దున్నదూడలు ఇప్పుడు ఎక్కడున్నాయని ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి.

ఫారం గుడ్డులో ప్రాణమే ఉండదంటారు. మరి తప్పేంటి?

గుడ్డులో ప్రాణం ఉండదన్నది నిజమే. బాధ గుడ్డుది కాదు, కోడిది. ఫారాల్లో కోళ్లను కుక్కే తీగ పంజరంలో (బ్యాటరీ కేజ్) ఒక కోడికి ఏ4 కాగితమంత చోటు కూడా దక్కదు. రెక్క చాపలేదు, మట్టిలో గీరుకోలేదు, గూడు కట్టుకోలేదు. గుడ్ల రకం కోళ్లలో పుంజుపిల్లలు గుడ్డు పెట్టవు, మాంసానికీ లాభం కాదు. అందుకే హ్యాచరీల్లో పుట్టిన రోజే వాటిని చంపేస్తారు. పెట్టకు ఏడాదిన్నర దాటి గుడ్లు తగ్గగానే దాన్నీ కోతకు పంపుతారు. బ్రాయిలర్ కోడి ఆయుష్షు ఆరు వారాలకు అటూఇటూ. 2025 మొదట్లో చౌటుప్పల్, చిట్యాల వైపు ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు షెడ్లకు షెడ్లు ఖాళీ చేసి కోళ్లను చంపి పాతిపెట్టారు. జీవాలను అంత కిక్కిరిసి పెంచే చోట రోగం వస్తే ఆగదు.

మొక్కలకు కూడా ప్రాణం ఉంటుంది కదా?

ఉంటుంది. కానీ నొప్పిని అనుభవించడానికి కావాల్సిన మెదడు, నరాలు వాటికి లేవు. పైగా ఒక కోడినో బర్రెనో పెంచాలంటే మనం నేరుగా తినే దానికన్నా చాలా ఎక్కువ మక్కలు, సోయా, గడ్డి దానికి మేపాలి. మొక్కల మీద జాలి ఉన్నా వీగన్ దారే మేలు.

ఒక్కసారే అన్నీ మానేయాలా?

మీ ఇష్టం. కొందరికి ఒక్కసారే తెంచుకోవడం సులువు. ఇంట్లో వంట చేసేది మీరు కాకపోతే మెల్లగా వెళ్లడం మంచిది.

## మొదటి నెలల్లో: వంటిల్లు, ఒళ్లు

పాలు, గుడ్డు లేకుంటే ప్రొటీన్ ఎట్ల?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మన పాలమూరు తిండితోనే లెక్క వేసి చూడండి. 100 గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టెల్లో 10 గ్రాముల దాకా, 50 గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు పల్లీల్లో 7, 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 ఉంటాయి. అన్నంలోది కలిపితే 50 దాటుతుంది. ఉలవలు, అనుములు, బబ్బెర్లు వంటింట్లోకి తిరిగి వస్తే ఇంకా మంచిది. వనపర్తి, నాగర్‌కర్నూల్ చేలలో పండే పల్లీని చట్నీకే పరిమితం చేసి ప్రొటీన్ డబ్బాలు కొనుక్కోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

అయితే కూలికి వెళ్లేవాళ్లు, జిమ్ చేసేవాళ్లు దీనికన్నా ఎక్కువ తినాలి. అన్నం పెంచి పప్పు తగ్గిస్తే వీగన్ అయినా కాకపోయినా నీరసం తప్పదు.

బి12 విటమిన్ మాత్ర నిజంగా అవసరమా? ఆకుకూరల్లో ఉండదా?

అవసరమే. ఇందులో బేరం లేదు. బి12ను సూక్ష్మజీవులే తయారుచేస్తాయి, మొక్కల్లో నమ్మదగ్గంత దొరకదు. స్పిరులినా అనే నాచు పొడిలో ఉండేది ఎక్కువగా మన ఒంటికి పనిచేయని రకం. లోపం వెంటనే కనపడదు. ఒంట్లో నిల్వ ఉన్నది కరిగిపోయాక తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత మొదలవుతాయి. నరాలకు ఒకసారి జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా. మందుల షాపులో చవకగా దొరికే మాత్రే ఇది, ఎంత మోతాదో డాక్టర్‌ను అడిగి మొదటి వారం నుంచే వేసుకోండి. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి, అందులోనే డి విటమిన్ కూడా చూపించుకోండి. "మా తాత ఏ మాత్రా వేసుకోలేదు" అనే మాట ఇక్కడ పనికిరాదు. ఆయన చల్ల తాగాడు, గుడ్డు తిన్నాడు.

మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో పాలు తాగాలని చెప్తారు కదా?

ఈ ప్రశ్న మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు నుంచి తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కాల్షియం, సి విటమిన్ బాగా అందితే ఎముకలకు జరిగే నష్టం కొంత తగ్గుతుంది. పాలు తాగమని చెప్పడానికి కారణం అందులోని కాల్షియం. 100 గ్రాముల తైదల్లో (రాగుల్లో) 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పొట్టు తీయని నువ్వుల్లో ఇంకా ఎక్కువ. మునగాకులో కూడా బాగానే ఉంటుంది. పాలకూరను మాత్రం కాల్షియం కోసం నమ్ముకోవద్దు, అందులోని ఆక్సలేట్ వల్ల ఒంటికి అందేది తక్కువ. ఉసిరి, నిమ్మ, జామ రోజూ ఏదో ఒకటి తినండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు మానేశాం కదా అని రోజంతా బ్లాక్ టీ తాగితే ఫ్లోరైడ్ ఊరి మనిషికి అది మంచిది కాదు. నల్ల ఉప్పు కూడా అదే కారణంతో తగ్గించాలి. తాగడానికీ వండటానికీ బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నీళ్లే వాడండి. ఇప్పటికే కీళ్లు పట్టేయడం, కాళ్లు వంకర పోవడం ఉన్నవాళ్లు, పెరిగే పిల్లలు డాక్టర్‌ను అడగకుండా తిండిలో ఏ మార్పూ చేసుకోవద్దు.

పెరుగన్నం లేకుండా భోజనం పూర్తయినట్టే ఉండదు. ఏం చేయాలి?

పల్లీ పెరుగు చేసుకోండి. గ్లాసు పచ్చి పల్లీలు ఐదారు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, మొత్తం మూడు గ్లాసుల నీళ్లు పోసి గుడ్డలో వడకట్టాలి. ఆ పాలను సన్న మంట మీద కలుపుతూ మరిగించాలి. చేయి వదిలితే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిదో పదో వేసి మూత పెట్టండి. ఎండాకాలం అయితే ఎనిమిది గంటల్లో తోడుకుంటుంది. మొదటిసారి తోడుకున్నది కాస్త ఘాటుగా ఉంటుంది, దాన్ని తోడుగా వాడి రెండోసారి చేస్తే రుచి కుదురుతుంది. తాలింపు వేసిన చల్లకు, మజ్జిగ పులుసుకు బాగా సరిపోతుంది. మామూలు రోజుల్లో పచ్చిపులుసు ఎలాగూ ఉంది.

చాయ్ మానలేకపోతున్నా.

సోయా పాలతో చాయ్ బాగానే వస్తుంది. డికాషన్ విడిగా కాచి, వేడి చేసిన సోయా పాలు చివర్లో కలిపితే విరగదు. హోటల్లో అయితే అల్లం, నిమ్మరసం వేసిన టీ అడగండి.

గర్భిణులు, చిన్నపిల్లలు వీగన్‌గా ఉండొచ్చా?

సరిగ్గా ప్లాన్ చేసుకుంటే ఉండొచ్చు. కానీ ఇది సొంత ప్రయోగానికి సమయం కాదు. బి12, ఐరన్, అయోడిన్, డి విటమిన్ గురించి డాక్టర్‌తో మాట్లాడాకే ముందుకు వెళ్లండి. డాక్టర్ వద్దంటే వాళ్ల మాటే వినండి.

## ఇంట్లో, దావత్‌లో, పండుగల్లో

అత్తమ్మకు ఎట్ల చెప్పాలి? ప్రతి పూటా గొడవే అవుతుంది.

మొదట వంటింట్లో చేయి వేయండి. "నాకు వేరే చేయండి" అని కూర్చుంటే ఎవరికైనా కోపం వస్తుంది. పుంటికూర పప్పు, అనుముల కూర, జొన్నరొట్టె, నువ్వుల తొక్కు, సర్వపిండి లాంటివి ఇప్పటికే ఇంట్లో అందరూ తినేవి. వాటిలో పాల చుక్క లేదు. ఆ వంటలు ఎక్కువ రోజులు చేస్తే మీకోసం వేరే గిన్నె పెట్టాల్సిన పని తగ్గుతుంది. పెద్దవాళ్ల పళ్లెం వైపు చూసి మొహం మాడ్చుకోవద్దు. పోపుకు నెయ్యి బదులు పల్లీనూనె అడగండి, చాలు.

పండుగలకు ఏం తినాలి?

బతుకమ్మ సద్దుల్లో నువ్వులది, కొబ్బరిది, పులిహోర మీకు సరిపోతాయి. పెరుగు సద్దికి పల్లీ పెరుగు వాడొచ్చు. సకినాలు, గారెలు, అరిసెలు నూనెతోనే వస్తాయి. పోలెలు నెయ్యి బదులు నూనెతో కాల్చుకోవచ్చు. దసరా రోజు ఇంటికి వచ్చే చుట్టాలు మటన్ గురించే అడుగుతారు, అది తప్పదు. ఆ రోజు వాదన పెట్టుకోకండి.

పెద్దగట్టు జాతరకు యాటను బలిచ్చే మొక్కు ఉంది. మొక్కు తీర్చకపోతే అరిష్టం అంటున్నారు.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి జరిగే ఆ జాతరలో ఎన్ని తరాల నమ్మకం ఉందో మాకు తెలుసు. దాన్ని కించపరిచే హక్కు మాకు లేదు. అమ్మ కడుపునొప్పి తగ్గాలనో, కొడుక్కు ఉద్యోగం రావాలనో మొక్కిన మొక్కు అది. చట్టం సంగతి అడిగితే, గుడి ఆవరణలో జంతువులను, పక్షులను బలివ్వడాన్ని నిషేధిస్తూ 1950 నాటి చట్టం ఉంది. అయితే చట్టం చూపించి ఇంట్లో ఎవరి మనసూ మార్చలేం. యాట బరువుకు సరిపడా బెల్లం తూచి పంచుదామనో, గుమ్మడికాయ కొడదామనో, బోనం ఎత్తి అన్నదానం చేద్దామనో అడిగి చూడండి. జాతరకు నెల ముందు, నిదానంగా కూర్చున్నప్పుడు అడగాలి. యాటను తెచ్చి ఇంటి ముందు కట్టేశాక మాట్లాడితే ఎవరూ వినరు.

పెళ్లికి పట్టుచీర కట్టకుంటే ఎట్ల?

పట్టుపురుగు గూడు లోపల ఉండగానే ఆవిరిలో, వేడినీళ్లలో చంపి దారం తీస్తారు. ఒక్క చీర వెనుక వేల పురుగులు పోతాయి. కానీ మన చుట్టూ ఉన్నది నేతగాళ్ల సీమ. నారాయణపేట కాటన్ చీరలున్నాయి, పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్‌లో కాటన్ రకాలున్నాయి. గద్వాల చీర కావాలంటే అంచు కూడా నూలుదే కావాలని ముందే చెప్పి నేయించుకోవచ్చు. నేతగాడికి పని పోదు, మీకు పెళ్లిచీర తప్పదు.

## రైతులు, కులం, పేదరికం

మా అమ్మ బర్రె పాలు పోసి నన్ను చదివించింది. ఇప్పుడు అది తప్పని ఆమెకు ఎట్ల చెప్పాలి?

తప్పని చెప్పకండి. వాన నమ్మలేని నేల మీద, నీళ్లు దొరకని బోర్ల మధ్య, పదిహేను రోజులకోసారి చేతికొచ్చే పాలబిల్లుతోనే ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. ఆమెకు వేరే దారి ఎవరూ చూపలేదు. మీ చదువు మీకు వేరే దారి చూపింది, ఆ దారిలో మీరు నడవండి. మేం మాట్లాడాల్సింది ఆమెతో కాదు, కొనుక్కునే స్థోమత, ఎంచుకునే వీలు రెండూ ఉన్నవాళ్లతో. పాడి నుంచి పల్లీ, కంది, చిరుధాన్యాలు, కూరగాయల వైపు మారే రైతుకు మంచి ధర, నీళ్లు దక్కాలని అడగడం కూడా మా పనే. ఆ పని చేయకుండా రైతును దోషిగా నిలబెట్టే ఉద్యమం మాకు వద్దు.

అంగన్‌వాడీ, బడి భోజనంలో గుడ్డు పెట్టొద్దంటారా?

అనం. ఎప్పుడూ అనం. వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలకు, రక్తం తక్కువున్న గర్భిణికి వారంలో దొరికే మంచి తిండి అదొక్కటే కావొచ్చు. దానికి సమానమైన పప్పు, పల్లీ, బి12 కలిపిన తిండి ముందు పళ్లెంలోకి వచ్చాకే ఆ మాట ఎత్తాలి. పేద పిల్లల పళ్లెంలోంచి గుడ్డు తీయించి దాన్ని దయ అనడం మాకు చేతకాదు.

ఇది పెద్దకులాల తిండి రాజకీయమే కదా?

ఈ అనుమానం ఉత్తదేం కాదు. ఏ తిండి తింటారన్న దాన్ని బట్టి మనుషులను ఊరి బయట ఉంచిన దేశం మనది. పెద్దకూర తిన్నందుకు ఇల్లు అద్దెకు ఇవ్వనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకే మా మాటల్లో "మైల", "అంటు", "మడి" అనే ఊసు రాకూడదని మేం పట్టుబడతాం. ఆవు పవిత్రం, బర్రె కాదు అనే తేడా మాకు లేదు. నెయ్యి పోసుకున్న పప్పు తినేవాళ్లనూ పెద్దకూర తినేవాళ్లనూ మేం అడిగేది ఒకటే ప్రశ్న. నిజానికి పాలు, నెయ్యి ఎక్కువగా వాడే ఇళ్లకే మేం ముందు వెళ్తాం. కురుమూర్తి జాతరలో వడ్డెమాన్ నుంచి ఊరేగింపుగా వచ్చే ఉద్దాలు (స్వామి చెప్పులు) తోలువే కదా అని ఒకరు అడిగారు. ఊరు అంటరానివాళ్లన్న చేతులు చేసినదాన్ని ఊరంతా నెత్తిన పెట్టుకునే రోజు అది. తోలు గురించి మాట్లాడటానికి పెద్ద కంపెనీల షోరూములు చాలా ఉన్నాయి, మేం అక్కడ మాట్లాడతాం.

గొల్లకురుమలు గొర్రెలు కాయకుండా ఎట్ల బతుకుతారు?

రేపే మానేయాలని ఎవరూ అనట్లేదు. మార్పుకు తరం పడుతుంది. ఈలోపు మందను కంటికి రెప్పలా చూసుకునే కాపరికీ, లారీలో జీవాలను ఒకదాని మీద ఒకటి కుక్కేవాళ్లకూ ఉన్న తేడా మాకు తెలుసు.

## బయట పనిచేసేటప్పుడు

మా ఊళ్లో నేనొక్కడినే. ఎక్కడ మొదలుపెట్టాలి?

వండి పెట్టండి. మీ కాలేజీలోనో వాడలోనో ఒక సాయంత్రం వీగన్ భోజనం పెట్టి, తిన్నాక మాట్లాడండి. రోడ్డు మీద పోస్టర్లతో నిలబడాలంటే ముందుగా స్టేషన్‌లో చెప్పి అనుమతి తీసుకోండి. రక్తం కారే ఫోటోలు చిన్నపిల్లలు తిరిగే చోట పెట్టకండి.

పశువులను కుక్కి తీసుకెళ్తున్న లారీ కనిపిస్తే ఆపొచ్చా?

ఆపకండి. నంబరు, సమయం, చోటు రాసుకుని 112కు ఫోన్ చేయండి. దూరం నుంచి వీడియో తీయడం చాలు. పశువులను ఎట్ల తరలించాలో 1978 నుంచి నియమాలున్నాయి, అవి అమలు చేయాల్సింది పోలీసులు, రవాణా శాఖ. డ్రైవర్ పేరు, మతం అడగకండి. చేయి చేసుకోవడం నేరం. గోరక్షణ పేరుతో జరిగే దాడులను ఆపాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను గట్టిగా ఆదేశించింది. అట్లాంటి గుంపుతో ఒక్కసారి నిలబడినా మీరు చెప్పే మాటను ఆ తర్వాత ఎవరూ నమ్మరు.

రాత్రిపూట ఫారంలోకి వెళ్లి వీడియో తీయొచ్చా?

వద్దు. అనుమతి లేకుండా వెళ్తే కేసు మీ మీదే అవుతుంది. రోగాలను కాళ్లకు అంటించుకుని తెచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఊళ్లో కుక్కలు కరుస్తున్నాయి, మందు పెట్టి చంపుతామంటున్నారు.

ముందు కరిచిన మనిషి సంగతి చూడండి. గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించాలి. కుక్కల ప్రేమికులు ఈ మాట ముందుగా చెప్పకపోతే ఊరు వినదు, వినకపోవడం న్యాయమే.

ఇక చంపడం నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. 2024 ఫిబ్రవరిలో అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కలను తుపాకులతో కాల్చి చంపినప్పుడు కేసు పెట్టారు, అరెస్టులు కూడా జరిగాయి. కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేయడం స్థానిక సంస్థల బాధ్యత అని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెప్తున్నాయి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలొద్దని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. చంపమని చెప్పలేదు. పంచాయతీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.

కోతులు, అడవిపందులు పల్లీచేను మొత్తం నాశనం చేస్తున్నాయి. మీ జాలి మాకేం పనికొస్తుంది?

మీ కోపం సరైనదే. చేను పోయిన రైతుకు నష్టపరిహారం రావాలి, కోతులకు కుటుంబ నియంత్రణ జరగాలి. ఈ రెండూ అడగడానికి మేం మీతో వస్తాం. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి. ఆ తీగకు పందులకన్నా ముందు పక్క చేను రైతులు, సొంత ఇంటివాళ్లు పోయిన ఊళ్లున్నాయి. సోలార్ ఫెన్సింగ్ కొట్టే షాక్ క్షణకాలం ఉండి తరిమేస్తుంది, సరిగ్గా పెట్టిస్తే ప్రాణం తీయదు.

కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగా బండికి వేలాడదీసి తీసుకెళ్తున్నారు. ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది?

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అది నేరమే. కానీ మొదటిసారి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. దశాబ్దాలు గడిచినా ఆ అంకె మారలేదు. చట్టాన్ని సవరించాలని ఎమ్మెల్యేకు, ఎంపీకి ఉత్తరాలు రాయడం మా పనిలో పెద్ద భాగం. అయినా ఫిర్యాదు చేయండి. పోలీసు ఒకసారి ఆపి అడిగితే ఆ బండివాడు మర్నాడు గంప తెస్తాడు.

రోడ్డు మీద దెబ్బ తగిలిన దూడో కుక్కో కనిపిస్తే ఎవరిని పిలవాలి?

1962కు ఫోన్ చేయండి, అది సంచార పశువైద్య వాహనం నంబరు. హైవే మీద అయితే ముందు మీ బండిని పక్కన ఆపి, హజార్డ్ లైట్లు వేసి, వచ్చే వాహనాలకు చేయి ఊపండి. దెబ్బ తిన్న జంతువు భయంతో కరవొచ్చు, కాబట్టి మూతి దగ్గర చేయి పెట్టకుండా మందపాటి దుప్పటి కప్పి, గోనెసంచి మీదకు లాగి నీడకు చేర్చండి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయకండి. డాక్టర్ వచ్చేదాకా అక్కడే ఉండండి. వదిలి వెళ్లక తప్పకపోతే దగ్గర్లోని దుకాణదారుకు చెప్పి, మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి.